భౌతిక దూరం – ఒక గణిత పరిశీలన

అంటువ్యాధి ప్రబలినప్పుడు మనుషులు ఎడంగా ఉండాలన్నది పాత మాటే. ఎంత ఎడంగా ఉంటే ఎంత మేలో తేల్చవలసినది గణితశాస్త్రం. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అను శాస్త్రజ్ఞులు ఇందుకొక నమూనాను రూపొందించారు. అందులో జనులు మూడు వర్గాలు: వ్యాధి సోకే అవకాశం గలవారు, సోకినవారు, కోలుకొనిగాని మరణించిగాని ఆ వలయం నుండి తొలగినవారు. మొదటి రెండు వర్గాలవారు ఎన్ని మార్లు కలుసుకొంటారన్న దానిపై వ్యాధి గతి ఎంతో ఆధారపడి ఉంటుంది.

ఈ విషయం మన కరీంనగర్‌కు అనుభవమైనదే. 2020 మార్చిలో ఇండోనేషియా నుండి మన పట్టణానికి వచ్చిన పదిమంది మతప్రచారకులకు కరోనా సోకినట్లు తేలింది. అధికారులు రాకపోకలను కట్టడి చేసి, వైద్యబృందాలచే ఇంటింటా విచారణ జరిపించారు.

ఆ పది అను అంకెనే లెక్క కొరకు తీసుకొందాం. ఒక్కొక్కరి నుండి సగటున రెండున్నర మందికి వ్యాధి సోకుతుందనుకొంటే, ఐదవ అంచెలో కొత్త రోగులు సుమారు 977 మంది అవుతారు. కలయికలు సగానికి తగ్గితే ఆ సంఖ్య సుమారు 31కి దిగుతుంది. 60 శాతం తగ్గితే ప్రతి అంచెలోను పదిమందే. 70 శాతం తగ్గితే ఐదవ అంచెకు మిగిలేది ఇద్దరు ముగ్గురే. అనగా ఈ లెక్కలో 60 శాతమే సరిహద్దు. అంతకు తగ్గితే వ్యాధి పెరుగుతుంది, మించితే అణగిపోతుంది.

అయితే ఈ సరళమైన లెక్క అందరూ సమానంగా ఎడం పాటించగలరని భావిస్తుంది. ఒకే గదిలో చాటలు ముందుంచుకొని బీడీలు చుట్టే కుటుంబానికి, సింగరేణి గనిలో దిగే కార్మికునికి, ఆదిలాబాద్ అడవి పల్లె నుండి అంగడికి వచ్చే గోండు రైతుకు అది సాధ్యమా? ఆనాడు తెల్లకార్డు గలవారికి ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ప్రకటించింది. ఇంట్లో గింజలుంటేనే మనిషి గడప దాటకుండా ఉండగలడు.

రెండవ చిక్కు నింద. వ్యాధిని ఒక మతానికి అంటగట్టిన మాటలు నాడు దేశంలో వినవచ్చాయి. నిందకు వెరచి జ్వరాన్ని దాచుకొన్నవాడు పరీక్షకు రాడు, పదిమందిలో తిరుగుతూనే ఉంటాడు. నింద పెరిగిన కొద్దీ కలయికల లెక్క తప్పుతుంది.

కనుక సాంఘిక దూరం అనుటకంటె భౌతిక దూరం అనుటయే సమంజసమని మా అభిప్రాయం. విద్యార్థులారా, పొరుగింటి గడపకు బియ్యం చేర్చడం, పొరుగువాని జ్వరాన్ని నేరంగా చూడకపోవడం కూడా ఆ అరవై శాతంలో భాగమే.