బ్లూటూత్ చిప్ దిక్కును ఎలా కనిపెడుతుంది?

పెద్ద ఆసుపత్రిలో అత్యవసరంగా కావలసిన వెంటిలేటర్ ఏ అంతస్తులో ఉందో తెలియక సిబ్బంది వెదకవలసి వస్తే, ఆ జాప్యం రోగి ప్రాణాల మీదికి రావచ్చు. ఉపగ్రహ సంకేతాలపై ఆధారపడే జీపీఎస్ కాంక్రీటు పైకప్పుల కింద సరిగా పనిచేయదు. ఇయర్‌ఫోన్లలోనూ చేతి గడియారాల్లోనూ ఉండే బ్లూటూత్ చిప్‌తోనే ఈ లోటును పూరించే విధానం ఒకటి ఉంది. 2019 జనవరిలో వెలువడిన బ్లూటూత్ 5.1 ప్రమాణంలో దీనికి చోటు దక్కింది.

రేడియో తరంగం వచ్చే దిక్కును గుర్తించడం కొత్త విద్య కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు పంపే క్లుప్త సందేశాలను బట్టి అవి ఏ దిశలో ఉన్నాయో మిత్రరాజ్యాల నౌకలు తెలుసుకొనేవి. నాడు ప్రత్యేక యాంటెన్నాలతో, శిక్షణ పొందిన సిబ్బందితో సాగిన ఆ పనిలో కీలక భాగాన్ని నేడు గోరంత చిప్ నిర్వహిస్తోంది.

బలం కాదు, దశ

సంకేతం ఎంత బలంగా అందుతోందన్న దానినిబట్టి దూరాన్ని అంచనా వేయడం పాత పద్ధతి. గోడ గానీ మనిషి గానీ అడ్డు వస్తే సంకేతం బలహీనపడుతుంది. దాంతో చెంతనే ఉన్న వస్తువు సైతం దూరాన ఉన్నట్లు తోస్తుంది. కొత్త పద్ధతి బలానికి బదులు తరంగ దశను, అంటే ఒక క్షణంలో తరంగం శిఖరం వద్ద ఉందా, లోయ వద్ద ఉందా అన్నదానిని గమనిస్తుంది.

బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. రెండు యాంటెన్నాలను 6 సెంటీమీటర్ల ఎడంతో అమర్చారనుకుందాం. తరంగం సూటిగా ఎదురుగా వస్తే రెండింటినీ ఒకేసారి తాకుతుంది. పక్క నుంచి వస్తే రెండోదానిని చేరేందుకు నానోసెకనులో అయిదో వంతు ఆలస్యమవుతుంది. అంత స్వల్ప కాలాన్ని నేరుగా కొలవడం ఇలాంటి చిప్‌లకు సాధ్యం కాదు. అయితే 6 సెంటీమీటర్లంటే దాదాపు సగం తరంగం. కనుక ఒక యాంటెన్నా వద్ద శిఖరం ఉన్నప్పుడు రెండోదాని వద్ద లోయ ఉంటుంది. ఈ దశాభేదం నుంచి త్రికోణమితి సాయంతో తరంగం వచ్చిన కోణం తెలుస్తుంది.

చిప్ చేసే పని

సమాచారాన్ని మోసే సంకేతపు పౌనఃపున్యం నిరంతరం మారుతూ ఉంటుంది. అందుకే దిక్కు తెలపవలసిన సందేశం చివర, తంబురా శ్రుతిలా మార్పులేని స్వరాన్ని జోడిస్తారు. దాని నిడివి 16 నుంచి 160 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలోనే చిప్ స్విచ్ ద్వారా ఒక్కొక్క యాంటెన్నాకు మారుతూ, ప్రతి చోటా తరంగ స్థితిని అంకెల జంటగా నమోదు చేస్తుంది. ఆ అంకెల నుంచి కోణాన్ని సాఫ్ట్‌వేర్ లెక్కిస్తుంది. ఒక యాంటెన్నాల వరుస దిక్కును మాత్రమే చెబుతుంది. రెండు చోట్ల నుంచి గీసిన రేఖలు ఖండించుకొన్న చోట వస్తువు ఉంటుంది. అనుకూల పరిస్థితుల్లో మీటరు లోపు కచ్చితత్వం సాధ్యమే.

ఇనుప బీరువాలు, గోడలు తరంగాలను ప్రతిఫలింపజేసి లెక్కను తప్పుదోవ పట్టించగలవు. పైగా, ప్రమాణంలో ఇది ఐచ్ఛిక సదుపాయం. పరికరంపై 5.1 అని ఉన్నంత మాత్రాన దిక్కును కనిపెట్టగలదని భావించరాదు. కొనుగోలుదారులు ఈ విషయాన్ని విడిగా నిర్ధారించుకోవాలి.

ఎవరికి తెలుస్తుంది?

ఈ విధానం రెండు రకాలు. మొదటిదానిలో వస్తువుకు కట్టిన ట్యాగ్ సంకేతం పంపితే, పైకప్పునున్న యాంటెన్నాలు స్వీకరిస్తాయి. అది ఎక్కడుందో భవన యాజమాన్యానికి తెలుస్తుంది. రెండోదానిలో పైకప్పు యాంటెన్నాలే సంకేతాలు పంపుతాయి. ఫోన్ వాటిని అందుకొని, తానెక్కడుందో తానే లెక్కించుకొంటుంది. ఆ వివరం ఫోన్ దాటి వెళ్లనవసరం లేదు.

వస్తువుల జాడ తీసేందుకు మొదటి రకం, దారి తెలుసుకోగోరే సందర్శకులకు రెండోది తగినవి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన దేశంలో ఈ ఎంపిక కేవలం సాంకేతిక విషయం కాబోదు. వెంటిలేటర్‌కు కట్టిన ట్యాగ్‌కూ, నర్సు గుర్తింపు కార్డులో అమర్చిన ట్యాగ్‌కూ చిప్ తేడా ఎరుగదు. ఎవరి కదలికలను, ఎంతకాలం, ఎందుకోసం నమోదు చేస్తున్నారో సిబ్బందికి ముందుగా తెలియజేయడం వ్యవస్థను నెలకొల్పే వారి బాధ్యత.