బార్డోలీ సభల్లో మాట, పుస్తకంలో రాత

1928 ఫిబ్రవరిలో సూరత్ జిల్లా బార్డోలీ తాలూకాలో మొదలైన శిస్తు నిరాకరణోద్యమం, ఒకే వాదం ఉపన్యాసంలో ఒకలాగా, గ్రంథంలో మరొకలాగా ఎందుకు రూపుదిద్దుకుంటుందో స్పష్టంగా చూపిస్తుంది. బొంబాయి ప్రభుత్వం భూమిశిస్తును దాదాపు 22 శాతం పెంచినప్పుడు, వల్లభ్‌భాయి పటేల్ గ్రామసభల్లో పల్లె గుజరాతీలో, సేద్యపు ఉపమానాలతో, చెప్పిన మాటనే మళ్లీ చెబుతూ రైతుల భయాన్ని పోగొట్టాడు. వినేవాడు చదువరిలా వెనక్కి వెళ్లి చూసుకోలేడు కనుక, రాతలో దోషమనిపించే పునరుక్తి సభలో అవసరమే అవుతుంది. ఆ ఉపన్యాసాలు ఉద్యమ పత్రికలో అచ్చయి ఊరూరా చేరినా, వక్త కంఠస్వరం మాత్రం కాగితం మీదికి రాలేదనే చెప్పాలి. 1929లో మహాదేవ్ దేశాయి ఇంగ్లీషులో వెలువరించిన ఉద్యమ చరిత్ర ఆ సభలను ఎన్నడూ చూడని పాఠకుణ్ణి ఉద్దేశించినది కాబట్టి, ‘సెటిల్‌మెంట్’ను, అంటే నిర్ణీత కాలానికి భూమిశిస్తును ఖరారుచేసే పద్ధతిని, దాని లెక్కల లోపాలతో సహా వివరించవలసి వచ్చింది. పెంపును సుమారు 6 శాతానికి దించిన, ప్రభుత్వాధికారులు బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్‌లు జరిపిన విచారణలోనూ అక్కరకొచ్చినవి ఇటువంటి లెక్కలూ, సాక్ష్యాలే.