అచ్చక్షరముల కొలతలును ఫాంటుల చిక్కులును

మా పాఠశాల వార్షిక సంచికకు వ్యాసములు కోరునప్పుడెల్ల "అక్షరములు 12 పాయింట్ల పరిమాణము గలవై యుండవలెను" అని ప్రకటించుట యాచారము. విద్యార్థులును ఆ నియమమును పాటించియే పంపుదురు. అయినను వచ్చిన కాగితములను బల్లపై వరుసగా పఱచి చూచినచో, ఒకదానియందలి యక్షరములు చీమలబారువలె నుండును. మఱియొకదానియందలివి రెండు గజముల దూరమునుండి సయితము చదువనగును. అందఱును 12 పాయింట్లే వాడితిమందురు. వారు చెప్పునది సత్యమే. ఈ వింతకు హేతువేమో, దీనికంటె ప్రబలమైన మఱియొక చిక్కువలన మా పూర్వ సంచికలలో కొన్ని కంప్యూటరునందుండియు చదువుటకు వీలులేనివై యెట్లు మిగిలినవో తెలుపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

నేటి కంప్యూటరు ముద్రణలో పాయింటనగా అంగుళమున 72వ భాగము. 12 పాయింట్లు కూడిన నొక పైకా. ఆఱు పైకాలు కూడిన నొక అంగుళము. కావున 12 పాయింట్లనగా అంగుళమున నాఱవ భాగము, అనగా 4.23 మిల్లీమీటర్లు. ఇంతవరకు లెక్క సులభము. కాని కొలబద్ద తీసికొని, 12 పాయింట్ల ఫాంటులో అచ్చువేసిన 'క' అను నక్షరమును గొలిచిన బాలునకు అందులో సగమో, సగముకంటె కొంచె మెక్కువయో మాత్రమే వచ్చును. లెక్క తప్పెనని యతడు మరల గొలుచును. లెక్క తప్పలేదు, అతడు గొలిచిన వస్తువే వేఱు.

సీసము, తగరము, ఆంటిమొని కలిసిన లోహముతో అక్షరములను పోతపోసి ముద్రించిన దినములలో పాయింట్ల లెక్క అక్షరమునకు గాక, అక్షరమును మోయు లోహపు దిమ్మెకు వర్తించెడిది. దిమ్మెపై నక్షరము కొంత చోటు మాత్రమే యాక్రమించును. పైని గుడికిని, క్రింద ఒత్తునకును తావు విడువవలెను గదా! ఉప్పలు, నాచారము ప్రాంతములలో ఇంటిస్థలములను గజముల లెక్కన విక్రయింతురు. 200 గజముల స్థలమనగా నందు గట్టిన గది 200 గజము లుండునని యెవరును తలపరు. అక్షరములయందును ఇదియే న్యాయము. పాయింట్ల సంఖ్య స్థలముయొక్క కొలత. ఇంటి కొలత కాదు.

కంప్యూటరున లోహము లేదు. దిమ్మె మాత్రము ఊహారూపమున నిలిచియున్నది. ఫాంటును రచించు శిల్పి తొలుత నొక చతురస్రమును గల్పించుకొని, దాని భుజమును 1000 భాగములుగనో 2048 భాగములుగనో విభజించి, అందు తన యక్షరములను గీయును. 12 పాయింట్లని మనము కోరినప్పుడు ఆ చతురస్రము 12 పాయింట్లగును. అందులో 'క' యెంత యుండవలెనను నిర్ణయము శిల్పి యిష్టము. 'ష్ట్ర' వంటి రెండంతస్తుల ఒత్తులకు చోటు గావలెనని యొకడు అక్షరమును చిన్నదిగ జేయును. మఱియొకడు ఒత్తులు చతురస్రమును దాటి క్రిందికి వ్రేలాడిన వ్రేలాడనిమ్మని అక్షరమును పెద్దదిగ గీయును. ఆంగ్లమున నీ భేదము స్వల్పము; తెలుగున మిక్కిలి ప్రస్ఫుటము. కావున పాయింట్ల సంఖ్యతోబాటు ఫాంటు పేరును గూడ నిర్ణయింపని నియమము నియమమే కాదని మా యభిప్రాయము.

ఈ 72 అను సంఖ్యకును ఒక చరిత్ర కలదు. పారిసు నగరమున ఫూర్నియే యనునతడు 1737లో అక్షరములకు పాయింట్ల పద్ధతిని ప్రకటించెను. ఆ శతాబ్దముననే దీదో యనునతడు దానిని ఫ్రెంచి అంగుళముతో ముడిపెట్టెను. దీదో పాయింటు మన లెక్కలో 0.376 మిల్లీమీటరు. అమెరికాయందలి అక్షరముల పోతదార్లు 1886లో వేఱొక పాయింటును అంగీకరించిరి; అట్టివి అంగుళమునకు 72.27 వచ్చును. అడోబి సంస్థవారు పోస్ట్‌స్క్రిప్టు భాషను నిర్మించినప్పుడు ఈ 0.27ను త్రోసివేసి అంగుళమునకు సరిగ 72 అని స్థిరపఱచిరి. 12 పాయింట్ల పంక్తులు నూఱు వరుసగ బేర్చినచో పాత లెక్కకును క్రొత్త లెక్కకును ఒకటిన్నర మిల్లీమీటరు భేదము వచ్చును. ఇది యల్పమే, కాని కొలత యల్పమైనను దాని ప్రమాణ మేదో తెలిసియుండవలెనని ఉప్పలులోని సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయము ముందునుండి నిత్యము నడచిపోవు మన బాలురకు వేఱుగ జెప్పనేల?

తెఱపై లెక్క మఱియొకటి. 1984లో వెలువడిన మాకింటోషు కంప్యూటరు తెఱపై అంగుళమునకు 72 చుక్కలుండెను గాన చుక్క యొకటికి పాయింటొకటి సరిపోయెను. విండోసు పద్ధతిలో అంగుళమునకు 96 చుక్కలు. కావున 12 పాయింట్లు 16 చుక్కలగును. తెఱపై జూచి పరిమాణమును నిశ్చయింపరాదనుట కిదియే కారణము.

పంక్తికిని పంక్తికిని నడుమ నెడమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పూర్వము పంక్తుల నడుమ పలుచని సీసపు రేకుల నుంచెడివారు. అందుచేతనే ఆ యెడమునకు ఆంగ్లమున సీసముపేరు వచ్చినది. పేజిమేకరు, ఇన్‌డిజైను అను సాధనములు తమంతట తాము అక్షర పరిమాణమునకు నూటికి నూటయిరువది చొప్పున ఈ దూరమును గట్టును. అనగా 12 పాయింట్ల యక్షరమునకు 14.4 పాయింట్లు. ఆంగ్లమున కిది చాలును. తెలుగున 'రాష్ట్రము', 'లక్ష్మి' యను పదములు పై పంక్తిలోను, 'కీర్తి', 'శ్రీ' యనునవి వాని క్రిందను వచ్చినచో పైవాని ఒత్తులు క్రిందివాని గుడులతో కలహించును. మా యనుభవమున 12 పాయింట్ల తెలుగునకు 17 గాని 18 గాని యుండుట మేలు. కొందఱు పుటలను తగ్గింపగోరి ఈ దూరమును కచ్చితమగు నొక చిన్న సంఖ్యకు బిగింతురు. అప్పుడు తెఱపై ఒత్తుల క్రిందిభాగము తెగిపోవును, ఒక్కొక్కసారి కాగితముపైని సయితము తెగును. బహుమతి పత్రముపై తన పేరులోని ఒత్తు తెగిపోయిన బాలికకు పుటలు మిగిలెనని చెప్పి యూరడింప సాధ్యమా?

ఇక ఫాంటుల చిక్కు. తొలినాటి ఫాంటులలో అక్షరములకు 256 గదులు మాత్రమే యుండెను. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు కలిపి వందలకొలది రూపములు గావలెను. అందుచే అను, శ్రీలిపి మొదలగు ఫాంటులను జేసినవారు తెలుగు అక్షరములను ముక్కలుగా విఱిచి, తలకట్టు నొకచోట, ఒత్తు నొకచోట, ఆంగ్లాక్షరముల గదులలోనే కూర్చిరి. అది మెచ్చదగిన నేర్పు. 1985లో పుట్టిన పేజిమేకరు సాధనముతో ఈ ఫాంటులు చేరి, పెండ్లి శుభలేఖలు మొదలుకొని పాఠ్యపుస్తకములవఱకు తెలుగు ముద్రణను చిన్న చిన్న వీథులలోని డీటీపీ దుకాణములకు గొనివచ్చినవి. అయితే ఇందొక లోపము గలదు. కంప్యూటరు దృష్టిలో ఆ ఫైలులో నున్నది తెలుగు కాదు. అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. ఆ ఫాంటు అనెడి వేషము తొడిగినంతకాలమే యది తెలుగుగా గానవచ్చును. వేషము తీసిన, మీద చుక్కలును గీతలును గల ఐరోపా యక్షరములు బయటపడును. ఒక సంస్థవారి ఫాంటున 'క' యున్న గదిలో వేఱొకరి ఫాంటున 'స' యుండవచ్చును గాన ఒకదానికి బదులు మఱియొకటి పనికిరాదు.

దీనికి మందు యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి సంపుటమునందే తెలుగునకు 128 స్థానములు లభించినవి. అందు 'క'కు 3093 అను సంఖ్య. లోకమున నే కంప్యూటరునందైనను ఆ సంఖ్య 'క'యే గాని మఱియొకటి కాదు. 'క్ష'కు వేఱు సంఖ్య లేదు. క, పొల్లు, ష అను మూడింటిని వరుసగ నుంచిన, వానిని గలిపి చూపుట ఫాంటు పని. 'లక్ష్మి' యను పదమున నిట్టివి ఏడు. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీతో గౌతమి యను యూనికోడు ఫాంటు లభించెను. పిదప సిలికాన్ ఆంధ్ర సంస్థవారు సురవరము, మండలి, గిడుగు మొదలగు పేర్లతో పెక్కు ఫాంటులను ఉచితముగ నొసగిరి. వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగువారి పేరిటి ఫాంటులో మావంటివారు గ్రాంథికమున వ్యాసములు వ్రాయుచుండుట చూచి యెవరైన నవ్వినచో మాకు కోపము లేదు.

1812వ సంవత్సరము మార్చి నెలలో శ్రీరామపురపు మిషను ముద్రణాలయము దగ్ధమయ్యెను. సీసపు అక్షరములు కరగి ముద్దలైనవి. కాని వాని పోతకు మూలమైన ఉక్కు ముద్రికలు బూడిదలో చెడక దొరకినవి. వానితో అక్షరములను మరల పోతపోసి పని సాగించిరి. యూనికోడు ఫైలున మూలము నిలిచియుండును, ఫాంటు పోయిన వేఱొక ఫాంటు వచ్చును. పాత పద్ధతి ఫైలున మూలమే లేదు.

అయినను ముద్రాపకులను నిందించుట న్యాయము గాదు. 2001లో వచ్చిన ఏడవ సంపుటముతో నిలిచిపోయిన పేజిమేకరు యూనికోడు నెఱుగదు. దానికలవాటుపడిన చేతులకు మఱియొక సాధనము క్రొత్త. ఇన్‌డిజైను 2012లోని సీఎస్ 6 సంపుటమునుండి తెలుగును చక్కగ గూర్పగలదు. కాని అందు 'వరల్డ్ రెడీ కంపోజరు' అను పద్ధతిని మనము స్వయముగా నెన్నుకొననిచో ఒత్తులు విడిపోయి పొల్లులుగ నిలుచును. ఫాంటు చెడినదని యనేకులు భ్రమపడునది యిచ్చటనే.

యూనికోడునందును ఒక మెలకువ గలదు. మన పేట పేరునే చూడుడు. మీటలను వరుసగ నొక్కినచో కంప్యూటరు ర-కారపు పొల్లును ప-కారముతో గలిపి 'అంబర్పేట్' అని చూపును. 'అంబర్‌పేట్' అని రావలెనన్న ఆ రెంటి నడుమ, కంటికి గానరాని 8204వ సంకేతమును జొప్పింపవలెను. కలుపవలదని ఫాంటునకు జెప్పుట దాని పని. 'హైదరాబాద్‌లో' అను మాటకును ఇదియే విధి. గ్రాంథిక సంప్రదాయము ననుసరించి 'అంబరుపేట', 'హైదరాబాదులో' అని వ్రాయువారికి ఈ బాధయే లేదు. పదాంతమున పొల్లును నిలుపక ఉకారమును జేర్చు మన పెద్దల యలవాటు కంప్యూటరునకు సయితము హితమైనది!

రాబోవు సంచికకు వ్యాసములు పంపు విద్యార్థులు యూనికోడు తెలుగుననే టైపుచేసి, ఫాంటు పేరు తెలిపి, కాగితపు ప్రతి నొకదానిని జతపఱుపవలెను. పీడీఎఫ్ పంపువారు ఫాంటు దానియందే పొదుగబడినదో లేదో చూచుకొనవలెను. పాత ఫాంటులలో నిలిచిపోయిన సంచికలను తొమ్మిదవ తరగతివారు కాగితపు ప్రతులను జూచి మరల టైపు చేయుచున్నారు. మార్పుచేయు సాధనములు గలవు గాని అవి ఒత్తులను తాఱుమాఱు చేయుటచే పంక్తి పంక్తికిని దిద్దవలసివచ్చుచున్నది. ఒక సంచికకు మాత్రము మాయొద్ద కాగితపు ప్రతియైనను లేదు. ఫైలు కలదు, దానికి గావలసిన ఫాంటు లేదు. పూర్వ విద్యార్థులలో నెవరియింటనైన నా సంచిక యున్నచో నొకమారు పాఠశాలకు దెచ్చియిచ్చిన, నకలు తీసికొని నాడే తిరిగి యిచ్చెదము.