"సత్యాన్వేషి" చూసినవారు ఏమన్నారు?

హత్యలు, దొంగతనాలు చూపించే సీరియల్ ఇంట్లో పెట్టవచ్చునా, పిల్లలు పక్కన కూర్చుని ఉండగా చూడవచ్చునా అనే ప్రశ్న మన కుటుంబాలలో టెలివిజన్ వచ్చిననాటి నుండీ ఉన్నది. చూడవచ్చునని కొందరు, అసలు కూడదని కొందరు. ప్రియ పాఠకులారా, ఊరికే వాదించుకోవడం కన్నా ఒక్క కథను తీసుకొని, దానిని చూసినవారి మాటలు వినడం మేలని తోచింది. అందుకు ఎన్నుకున్నది దూరదర్శన్‌లో 1993లో మొదలైన "బ్యోమకేశ్ బక్షీ" సీరియల్ మొదటి భాగం. దాని పేరు "సత్యాన్వేషి".

సీరియల్ హిందీ, కథ బెంగాలీ, కాని ఆ పేరు మాత్రం మనకు నిఘంటువు అవసరం లేనిది. ఈ కథలు రాసినవారు శరదిందు బందోపాధ్యాయ. 1930ల నుండి రాశారు. టెలివిజన్‌కు తీసినవారు బాసు ఛటర్జీ. బ్యోమకేశ్‌గా నటించిన రజిత్ కపూర్, 1996లో వచ్చిన చిత్రంలో గాంధీగారి పాత్ర వేసి ఉత్తమ నటుడిగా జాతీయ బహుమతి పొందారు. స్నేహితుడు అజిత్ పాత్ర కె.కె. రైనాది. బ్యోమకేశ్‌కు డిటెక్టివ్ అనిపించుకోవడం ఇష్టముండదు. నన్ను సత్యాన్వేషి అనండి అంటాడు.

మన డెల్టాకు డిటెక్టివ్ కథలు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావుగారు తెనాలివారే. ఆయన రాసిన యుగంధర్ నవలలూ, ఆ తరువాత మధుబాబు షాడో నవలలూ అద్దె పుస్తకాల షాపులలోనూ బస్టాండు బుక్‌స్టాళ్లలోనూ చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. బైబిలు కింద దాచుకొని చదివినవారు కూడా మన సంఘాలలో ఉన్నారు. ఇప్పుడు వారు పెద్దలైనారు గనుక పేర్లు వద్దు.

1993లో పల్లెలలో ఈ సీరియల్ చూడడం ఒక తంతు. వీధికి ఒకటో రెండో టీవీలు. గాలికి యాంటెనా తిరిగితే ఒకరు డాబా ఎక్కి తిప్పాలి, ఒకరు కింద నుండి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని కేకలు వేయాలి. హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష ప్యాసైన అమ్మాయి ఎవరైనా ఉంటే ఆమెకు ముందు వరుసలో చోటు. పామర్రు దగ్గర ఒక ఊరిలో అప్పుడు అట్లా అర్థం చెప్పిన ఉపాధ్యాయురాలు నవ్వుతూ అన్నారు: "నాకు తెలియని మాట వస్తే నేనే కథ కల్పించి చెప్పేదాన్ని. హంతకుడు ఎవరో మాత్రం సరిగ్గానే చెప్పాను." 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చాక తెలుగు సీరియళ్లు దొరికి చాలామంది అటు మళ్లారు. మరల 2020లో, లాక్‌డౌన్ రోజులలో, మార్చి 28 నుండి దూరదర్శన్ ఈ సీరియల్‌ను తిరిగి వేసింది. ఈసారి తాతలూ మనుమలూ కలిసి చూశారు.

కథ క్లుప్తంగా చెబుతాను. కలకత్తాలో ఒక పాత మేడ. కింద అనుకూల్‌బాబు అనే హోమియో డాక్టరు, మీద గదులు అద్దెకు. డాక్టరుగారు మెత్తని మాట మనిషి, అందరికీ ఆప్తుడు. ఆ పేటలో వరుసగా హత్యలు జరుగుతుంటాయి. అట్టి సమయంలో అతుల్ అనే యువకుడు గది కావాలని వస్తాడు. ఖాళీ లేదంటే అజిత్ జాలిపడి తన గదిలో చోటిస్తాడు. కొద్ది రోజులకు పక్క గది అశ్వినీబాబు హత్యకు గురవుతాడు. పోలీసులు అతుల్‌ను పట్టుకొనిపోతారు. చివరకు తేలేదేమిటంటే, అతుల్ అనే పేరే అబద్ధం. అతడే బ్యోమకేశ్. హంతకుడు డాక్టరుగారు. హోమియో వైద్యం చాటున ఆయన అసలు వ్యాపారం కొకైన్.

ఇక్కడే మన ప్రాంతంలో కొందరికి కష్టం తోచింది. గుడివాడలో హోమియో వైద్య కళాశాల 1945 నాటిది. డాక్టర్ గురురాజుగారి పేరు మీద నేటికీ నడుస్తున్నది. కృష్ణా జిల్లాలో పిల్లవాడికి జ్వరం వస్తే ముందు ఆ తెల్లని తియ్యని మాత్రలు నాలుక మీద వేసే ఇళ్లు ఎన్నో. గుడివాడ వైపు ఒక మామ్మగారు ఖండితంగా చెప్పారు: "రెండు రూపాయలు తీసుకొని మందిచ్చే డాక్టరును హంతకుణ్ణి చేస్తారా? ఆ రాసినాయన ఎవరో గాని ఎప్పుడూ జబ్బుపడి ఉండడు." ఆమె కోపం నాకు నచ్చింది. అయితే కథ పన్నింది కూడా ఆ నమ్మకం మీదనే గదా. ఎవరూ నమ్మని మనిషి చాటున కొకైన్ దాగదు.

విజయవాడలో కొడుకును కాలేజీ హాస్టల్లో ఉంచి చదివిస్తున్న ఒక తల్లి హత్య సంగతే ఎత్తలేదు. ఆమె పట్టుకున్నది పొట్లాల మాట. "అమ్మేవాడు రౌడీలా ఉంటాడనుకుంటాం. మంచిగా మాట్లాడేవాడే అమ్ముతుంటే మా అబ్బాయికి ఎట్లా తెలుస్తుంది?" అన్నారు. ఆమెకే గాక ఇతర తల్లిదండ్రులకు కూడా పనికివచ్చే సంగతి ఒకటి: మాదకద్రవ్యాల అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో "ఈగల్" అనే ప్రత్యేక పోలీసు విభాగం ఏర్పరచింది. ఫిర్యాదుకు ఉచిత ఫోను నంబరు 1972.

ఎక్కువ మాటలు నడిచింది మాత్రం అతుల్ గురించే. ఉయ్యూరు దగ్గర ఒక యౌవనస్థుల కూడికలో అడిగితే, మొదటిసారి చూసినప్పుడు దాదాపు అందరూ అతుల్‌నే అనుమానించామన్నారు. ఎందుకని అడిగితే జవాబులు ఇవి: కొత్తవాడు. ఊరూ పేరూ సరిగా తెలియవు. తనవాళ్లంటూ ఎవరూ రాలేదు. రాత్రివేళ మెలకువగా ఉంటాడు. కూడికలో వెనుక బెంచీ మీద కూర్చున్న రిటైర్డు హెడ్మాస్టరుగారు లేచి, "ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయంలో ఒక్క సాక్షి చాలడని ఉన్నది. మీరు ఒక్క సాక్షి కూడా లేకుండానే ఉరి తీశారు" అన్నారు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆయన నవ్వకపోవడానికి కారణం దూరాన లేదు. విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో, 2007 డిసెంబరు 27న, ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయి దారుణంగా హత్యకు గురైంది. 2008లో పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. ఇతడు కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. అయినా 2010లో విజయవాడ కోర్టు అతణ్ణి దోషి అన్నది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి అతడు జైలులో గడిపినది ఎనిమిదేళ్లకు పైగా. 2018లో హైకోర్టు కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. టీవీలో అతుల్ అరెస్టయి తిరిగి రావడానికి మధ్య కొద్ది నిమిషాలు. బ్యోమకేశ్‌కు పోలీసు అధికారుల అండ ఉన్నది, కథ రాసినవాడి అండ ఉన్నది. ఆ యువకుడికి ఏ అండ ఉన్నది? ఈ సీరియల్ మీద నాకున్న అసలు పేచీ ఇదే. రక్తం చూపించినందుకు కాదు. నిజానికి బాసు ఛటర్జీ హత్యను సాగదీయడు, భయపెట్టే సంగీతంతో ఊదరగొట్టడు. నేటి కొన్ని ఛానెళ్లలో ఒకే కత్తిని ఆరుసార్లు చూపే నేర కార్యక్రమాల కన్నా ఇది ఎంతో మర్యాదస్తుని పని. కాని నిజం ఇట్టే తేలిపోతుందనే అలవాటు మనకు పట్టించింది.

బ్యోమకేశ్‌ను తప్పుపట్టినవారూ ఉన్నారు. సత్యాన్వేషి అబద్ధపు పేరుతో ఎట్లా వస్తాడని అవనిగడ్డ వైపు ఒక సండేస్కూలు టీచరు గట్టిగా నిలదీశారు. వేగులవారు పేరు చెప్పుకొని యెరికోలో ప్రవేశించారా అని ఆమె తమ్ముడి ఎదురుప్రశ్న. ఆ వాదం భోజనాల దాకా సాగింది, తేలలేదు.

చల్లపల్లి దగ్గర ఒక ముసలామె భర్తను పోగొట్టుకొని ఇరవై ఏళ్లయింది. మనుమడి ఫోనులో భాగమంతా మాట్లాడకుండా చూశారు. మనుమడు ఉత్సాహంగా హంతకుణ్ణి ముందే కనిపెట్టావా మామ్మా అని అడిగాడు. ఆమె దానికి జవాబు చెప్పలేదు.

"ఆ అశ్వినీబాబుకు పెళ్లాం పిల్లలు ఉన్నారంట్రా? వాళ్లకు ఎవరు కబురు చేశారు?" అని అడిగారు.

మనుమడు ఫోను వెనక్కి జరిపి వెదకసాగాడు.