బెల్ బాటమ్ ప్యాంటు

బెల్ బాటమ్ అనునది నడుము నుండి మోకాలి వరకు శరీరానికి అంటిపెట్టుకొని, మోకాలి నుండి పాదం వరకు క్రమంగా వెడల్పు అయ్యే ప్యాంటు. అంచు గంట ఆకారంలో విచ్చుకొని ఉండటం వలన దీనికి ఈ పేరు వచ్చింది. తెలుగునాట ఇది 1970వ దశకంలో విశేష ప్రాచుర్యం పొందినది. విజయవాడ నగరంలోను, కృష్ణా డెల్టా పల్లెలలోను నాటి యువకులు దీనిని ఎంతో మోజుతో కుట్టించుకున్నారు. పాశ్చాత్య దేశాలలో ఇదే తరహా వెడల్పు ప్యాంటు డిస్కో, రేవ్ వంటి నృత్య సంస్కృతులతో ముడిపడి పలుమార్లు తిరిగి వాడుకలోకి వచ్చింది. కాలాలు, దేశాలు వేరైనా దీని ఆదరణకు ఒక ఉమ్మడి కారణం కలదు. పాదాల కదలికను దూరం నుండి కూడా కనబడేటట్లు చేయడం ఈ దుస్తుల ప్రత్యేకత.

ఆకారం, కొలతలు

ప్యాంటు అంచు చుట్టుకొలతను దర్జీలు "బాటమ్" అంటారు. మామూలు ప్యాంటుకు ఇది సుమారు 16 నుండి 18 అంగుళాలు ఉంటుంది. బెల్ బాటమ్‌కు 22 నుండి 26 అంగుళాలు, కొన్ని సందర్భాలలో 30 అంగుళాలు కూడా పెట్టేవారు. మోకాలి వద్ద బిగుతుగా ఉండి కిందికి విచ్చుకొనేది బెల్ బాటమ్ కాగా, తొడ నుండి అంచు వరకు దాదాపు ఒకే వెడల్పు ఉండేదానిని ప్యారలల్ అనేవారు. అంతకు ముందు 1960వ దశకంలో ప్రచారంలో ఉన్న ఇరుకు ప్యాంటును జనం "గొట్టం ప్యాంటు" అని పిలిచేవారు.

చక్కగా కుట్టిన బెల్ బాటమ్ అంచు నేలకు సమాంతరంగా ఉండదు. ముందువైపు పాదం మీద కొద్దిగా పైకి, వెనుకవైపు మడమ మీదికి కొద్దిగా కిందికి ఉండేటట్లు కత్తిరిస్తారు. అందువలన బూటు దాదాపుగా కప్పబడిపోతుంది. ఆ కాలంలో పురుషులు కూడా ధరించిన ఎత్తు మడమల బూట్లు ఈ అంచు చాటున దాగిపోయి, కాళ్ళు పొడవుగా ఉన్నట్లు కనిపించేవి.

పుట్టుక

ఈ ఆకారం మొదట నావికుల దుస్తులలో కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో అమెరికా, బ్రిటన్ నౌకాదళాల నావికులు కింద వెడల్పుగా ఉండే ప్యాంట్లు ధరించారు. ఓడ పైభాగాన్ని కడిగేటప్పుడు వీటిని మోకాళ్ళ పైకి సులభంగా మడుచుకోవచ్చును. 1920వ దశకంలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మిక్కిలి వెడల్పైన ప్యాంట్లు ధరించగా వాటికి "ఆక్స్‌ఫర్డ్ బ్యాగ్స్" అని పేరు వచ్చింది. 1960వ దశకంలో హిప్పీలు నావికుల ప్యాంట్లను పాత దుస్తుల దుకాణాలలో కొని ధరించడంతో బెల్ బాటమ్ యువతకు చిహ్నంగా మారింది.

కోస్తా ఆంధ్రలో పురుషుల సంప్రదాయ వస్త్రం పంచె. పొలంలో దిగేటప్పుడు దానిని ఎగగట్టవచ్చును, విప్పి ఆరవేయవచ్చును. కుట్టులేని ఈ వస్త్రం ఏ కొలతకైనా సరిపోతుంది. పంచె కట్టిన తండ్రుల ఇళ్ళ నుండి కళాశాలకు బయలుదేరిన డెల్టా యువకులలో చాలామందికి కొలతలిచ్చి కుట్టించుకున్న ప్యాంటే ఒక కొత్త అనుభవం. ఆ మార్పు జరుగుతున్న కాలంలోనే బెల్ బాటమ్ వచ్చింది.

సినిమా ద్వారా ప్రచారం

బెల్ బాటమ్‌ను తెలుగువారికి చేరువ చేసినది సినిమా. హిందీలో హరే రామ హరే కృష్ణ (1971), బాబీ (1973) వంటి చిత్రాలు కొత్త తరహా దుస్తులను దేశమంతటా పరిచయం చేశాయి. 1970వ దశకపు తెలుగు చిత్రాలలో అగ్రనటులందరూ ఈ ప్యాంట్లలో కనిపించారు. కె.రాఘవేంద్రరావు దర్శకత్వం వహించిన అడవి రాముడు 1977లో విడుదలైనప్పుడు నందమూరి తారక రామారావు వయస్సు 53 సంవత్సరాలు. ఆ కాలపు చిత్రాలలో ఆయన రంగురంగుల చొక్కాలు, వెడల్పు ప్యాంట్లు ధరించి నృత్యాలు చేయడంతో, ఈ వేషం కుర్రకారుకే పరిమితమన్న భావన తొలగిపోయింది. అమెరికాలో జాన్ ట్రవోల్టా నటించిన సాటర్డే నైట్ ఫీవర్ చిత్రం విడుదలైనదీ అదే సంవత్సరం. అందులోని తెల్లని సూటు, విచ్చుకున్న ప్యాంటు డిస్కో నృత్యానికి గుర్తుగా నిలిచిపోయాయి.

ఈ ప్రచారంలో విజయవాడకు ప్రత్యేక స్థానం కలదు. గాంధీనగర్ ప్రాంతం చిత్ర పంపిణీ కార్యాలయాలకు కేంద్రం. అక్కడి నుండి చిత్రాల పెట్టెలు డెల్టాలోని పట్టణాలకు, ఊళ్ళకు వెళ్ళేవి. నాటి అగ్రనటులలో ఎన్.టి.రామారావు (నిమ్మకూరు), అక్కినేని నాగేశ్వరరావు (రామాపురం), కృష్ణ (బుర్రిపాలెం) డెల్టా పల్లెలలో జన్మించినవారే. శోభన్ బాబు కూడా కృష్ణా జిల్లావాడే. తమ ప్రాంతంవారే తెరపై ధరించిన దుస్తులు కావడం వలన ఇక్కడి యువకులకు వాటిపై మక్కువ మరింత పెరిగింది.

రికార్డింగ్ డ్యాన్సులు

పాశ్చాత్య నగరాలలో వలె డెల్టాలో డిస్కో నృత్యశాలలు లేవు. ఆ స్థానాన్ని కొంతవరకు రికార్డింగ్ డ్యాన్సులు పూరించాయి. జాతరలు, తిరునాళ్ళు, సంక్రాంతి సందర్భాలలో రాత్రివేళ తాత్కాలిక వేదికపై సినిమా పాటల రికార్డులు పెట్టి, వాటికి అనుగుణంగా కళాకారులు నర్తించేవారు. ప్రసిద్ధ నటులను అనుకరించే కళాకారులను "డూపులు" అంటారు. ఎన్.టి.ఆర్. డూపు, కృష్ణ డూపు అని ప్రేక్షకులు గుర్తించడానికి ముఖకవళికల కంటే వేషమే ముఖ్యం. కావున పూలచొక్కా, వెడల్పు బెల్టు, బెల్ బాటమ్ ఈ ప్రదర్శనలలో తప్పనిసరి అయ్యాయి.

వేదిక ముందు వందలాది మంది నేలపై కూర్చొని ఉండగా, వెనుక వరుసలవారికి నర్తకుడి పాదాలు సరిగా కనబడవు. వెడల్పు అంచు ఈ లోపాన్ని కొంత తీరుస్తుంది. కాలు కదిలి ఆగినప్పుడు బట్ట వెంటనే ఆగదు. జడత్వం వలన అది మరికొంత ముందుకు ఊగి వెనక్కి వస్తుంది. చిన్న అడుగు కూడా ఈ విధంగా పెద్దదిగా కనిపిస్తుంది. ఈ ప్రదర్శనలు అశ్లీలంగా ఉన్నాయన్న అభియోగాలతో పోలీసులు అడ్డుకున్న సందర్భాలు అనేకం. అయినప్పటికీ వేదికపై అవకాశం లేని ఎందరో పేద కళాకారులకు ఇవి జీవనాధారంగా ఉండేవి. వారికి బెల్ బాటమ్ ఒక పనిముట్టు.

బట్ట, కుట్టుపని

ఆ కాలంలో సిద్ధ దుస్తుల వాడకం తక్కువ. విజయవాడ వన్ టౌన్‌లోని బట్టల కొట్లలోనో, బీసెంట్ రోడ్డులోనో ప్యాంటు గుడ్డ కొని దర్జీకి ఇవ్వడం సాధారణ పద్ధతి. చాలా కుటుంబాలలో కొత్త బట్టలు పండుగలకు మాత్రమే కుట్టించేవారు. కావున బాటమ్ ఎన్ని అంగుళాలు పెట్టించాలన్న నిర్ణయం ఆ ఏడాది మొత్తానికి వర్తించేది.

ప్యాంటు గుడ్డ పన్నా సాధారణంగా 58 అంగుళాలు. ఒక్కో కాలికి ముందు, వెనుక కలిపి రెండు ముక్కలు, అనగా మొత్తం నాలుగు ముక్కలు అవసరం. 26 అంగుళాల బాటమ్ పెట్టినచో రెండు కాళ్ళకు 52 అంగుళాలు కావాలి. కుట్టు మడతలకు నాలుగైదు అంగుళాలు కలిపితే పన్నా పూర్తిగా సరిపోతుంది. అంతకు మించి వెడల్పు కోరితే అదనపు గుడ్డ కొనాలి, లేదా మోకాలి కింద త్రికోణాకారపు ముక్కను అతకాలి. గుడ్డను వృథా చేయకుండా ఈ లెక్క కుదర్చడంలోనే దర్జీ నేర్పు బయటపడేది.

టెరిలిన్, పాలిస్టర్ బట్టలు ఈ ప్యాంటుకు బాగా నప్పేవి. ఇవి ముడత పడవు, ఇస్త్రీ మడత చెదరదు, అంచు జారుగా వేలాడుతుంది. అయితే నూలు గుడ్డ తన బరువులో సుమారు 8 శాతం తేమను పీల్చుకోగా పాలిస్టర్ 0.4 శాతం మాత్రమే పీలుస్తుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే విజయవాడలో తొడల వద్ద బిగుతుగా ఉండే పాలిస్టర్ ప్యాంటు ధరించడం సుఖకరమైన విషయం కాదు.

ఇబ్బందులు, విమర్శలు

నేలను తాకే అంచు త్వరగా అరిగిపోయేది. దానిని నివారించడానికి అంచు లోపలివైపు జిప్పు కుట్టించేవారు. లోహపు పళ్ళు అరుగుదలను తట్టుకోవడమే గాక, బరువు వలన అంచు చక్కగా వేలాడేది. సైకిలు తొక్కేటప్పుడు కుడికాలి అంచు గొలుసులో చిక్కుకొనేది. అందుచేత క్లిప్పు పెట్టడమో, రబ్బరు బ్యాండు చుట్టడమో, పైకి మడవడమో చేసేవారు. వానాకాలంలో డెల్టా పల్లెల బురదదారులలో నడవడం మరీ కష్టం. నావికుడు మడుచుకోవడానికి అనువుగా పుట్టిన ప్యాంటు, మోకాలి వద్ద బిగించడం వలన మడుచుకోవడానికి వీలులేనిదిగా మారింది.

పెద్దలు దీనిని "వీధులు ఊడ్చే ప్యాంటు" అని ఎగతాళి చేసేవారు. హిప్పీ జుట్టుతో కలిపి దీనిని క్రమశిక్షణా రాహిత్యానికి గుర్తుగా భావించి అభ్యంతరం చెప్పిన ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. స్త్రీల విషయంలో ఆంక్షలు మరింత ఎక్కువ. తెరపై ఆధునిక యువతి పాత్రలు బెల్ బాటమ్ ధరించినా, డెల్టాలోని విద్యార్థినులు అధికంగా లంగా-ఓణీ, చీరలకే పరిమితమయ్యారు.

క్షీణత

1980వ దశకం మధ్య నాటికి బెల్ బాటమ్ వాడుక తగ్గిపోయింది. పాదాల కదలికను చూపడానికి ఇంతలో మరొక పద్ధతి వచ్చింది. అమెరికా గాయకుడు మైకేల్ జాక్సన్ 1983లో పొట్టి, ఇరుకు ప్యాంటు కింద మెరిసే తెల్లని మేజోళ్ళతో నర్తించి, పాదాలను కప్పడానికి బదులు బయటపెట్టాడు. తెలుగులో 1987లో వచ్చిన పసివాడి ప్రాణం చిత్రంతో చిరంజీవి చేసిన బ్రేక్ డ్యాన్స్ యువతను ఆకట్టుకొన్నది. వెడల్పు ప్యాంటును ఇరుకుగా మార్చవచ్చును గాని ఇరుకు ప్యాంటును వెడల్పు చేయలేము. కనుక పాత బెల్ బాటమ్‌లు దర్జీల వద్దకు తిరిగి వెళ్ళి, తమ్ముళ్ళకు ప్యాంట్లుగానో, కూరగాయల సంచులుగానో మారాయి. 1990వ దశకం తరువాత సిద్ధ దుస్తులు విస్తరించడంతో కొలతలిచ్చి కుట్టించుకొనే అలవాటే తగ్గి, దర్జీల ఉపాధి దెబ్బతిన్నది.

పాశ్చాత్య నృత్యశాలలలో

ఇంగ్లండులోని విగాన్ క్యాసినో నృత్యశాలలో (1973-1981) నార్తర్న్ సోల్ నర్తకులు, గిరగిర తిరిగే తమ నృత్యానికి అనుకూలంగా మిక్కిలి వెడల్పైన ప్యాంట్లు ధరించేవారు. 1980వ దశకం చివర మాంచెస్టర్ నగరంలోని హసియెండా క్లబ్బు (1982-1997) చుట్టూ పెరిగిన సంగీత ధోరణికి, యువత ధరించిన వదులు దుస్తుల కారణంగా "బ్యాగీ" అనే పేరు కూడా వచ్చింది. ఆ నగరంలో వెడల్పు జీన్స్‌ను అమ్మి పేరు పొందిన జో బ్లాగ్స్ సంస్థ స్థాపకుడు షమీ అహ్మద్ కరాచీలో జన్మించినవాడు.

గిడ్డంగులలోను, ఆరుబయట తెల్లవార్లూ సాగే ఎలక్ట్రానిక్ సంగీత నృత్య సభలను రేవ్ అంటారు. గంటల తరబడి నర్తించేవారికి గాలి ఆడే వదులు దుస్తులు అవసరం. లాస్ ఏంజెలెస్‌లో 1985లో ప్రారంభమైన జెన్కో సంస్థ తయారుచేసిన జీన్స్‌లో కొన్నింటి బాటమ్ 50 అంగుళాల వరకు ఉండేది. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ షఫుల్ నర్తకులు 2000వ దశకంలో "ఫ్యాట్ ప్యాంట్స్" అనబడే వెడల్పు ప్యాంట్లకు, చీకటిలో కాంతిని ప్రతిఫలించే పట్టీలు కుట్టుకొనేవారు. వీటిని చాలామంది ఇంటివద్ద స్వయంగా కుట్టుకొన్నారు. మసక వెలుతురులో పాదాల పనితనం కనబడాలన్న వీరి అవసరం, తిరునాళ్ళ వేదికపై డూపు కళాకారుని అవసరం ఒక్కటే.

పునరాగమనం

2010వ దశకంలో స్త్రీల దుస్తులలో ప్లాజో ప్యాంటు రూపంలో ఈ వెడల్పు తెలుగునాట తిరిగి ప్రవేశించింది. మునుపు బెల్ బాటమ్‌కు దూరంగా ఉంచబడిన స్త్రీలే ఈసారి దానిని విస్తృతంగా స్వీకరించడం గమనార్హం. తరువాత బ్యాగీ జీన్స్ యువతీయువకులు ఇద్దరిలోను ఆదరణ పొందాయి. బెల్ బాటమ్ పేరుతో కన్నడంలో 2019లో, హిందీలో 2021లో చలనచిత్రాలు వచ్చాయి. ఆ పేరు వినగానే ప్రేక్షకులకు గడచిన ఒక కాలం స్ఫురించడమే ఇందుకు కారణం. నేటి వెడల్పు ప్యాంట్లు అధికంగా సిద్ధ దుస్తులుగానే లభిస్తున్నాయి. వాటి బాటమ్ ఎన్ని అంగుళాలో కొనేవారు ఇప్పుడు దర్జీకి చెప్పవలసిన అవసరం లేదు.