ఫోటో వచ్చింది సరే, తేదీ వచ్చిందా?

ఏ బ్రాంచిలో సీటు వచ్చినా సరే, పండక్కి ఇంటికెళ్లేసరికి మన మీద పడే పని ఒకటుంది. "కొత్త ఫోన్ కొన్నాం కదా, పాత దాంట్లో ఫోటోలన్నీ ఇందులోకి ఎక్కించి పెట్టు" అంటుంది అమ్మ. సివిల్ అయినా, మెకానికల్ అయినా తప్పించుకునే దారి లేదు. "ఇంజనీరింగ్ చదువుతున్నావు, ఆమాత్రం రాదా?" అనే మాట ఎలాగూ రెడీగా ఉంటుంది.

చాలామంది చేసేదేంటంటే, గ్యాలరీలో ఫోటోలన్నీ సెలెక్ట్ చేసి వాట్సాప్‌లో ఇంట్లో ఎవరి నంబరుకో పంపేస్తారు. అక్కణ్నుంచి మళ్లీ కొత్త ఫోన్‌కి తెచ్చుకుంటారు. ఫోటోలు కనిపిస్తాయి, అందరికీ సంతోషం. పాత ఫోన్ ఎక్స్ఛేంజిలో వెళ్లిపోతుంది. జరిగిన నష్టం అప్పుడే తెలీదు. ఏ మూడేళ్లకో తాతయ్య కాలం చేశాక, ఆయన ఫోటో పెద్దది చేయించి గోడకి పెట్టాలని స్టూడియోకి వెళ్తే, "ఇది సాగదీస్తే మసకబారిపోతుందండీ, ఒరిజినల్ లేదా?" అంటాడు స్టూడియో అతను. ఆ ఒరిజినల్ ఎప్పుడో ఎక్స్ఛేంజిలో పోయింది.

ఫోటో ఫైలులో ఏముంటుంది?

కెమెరా బటన్ నొక్కగానే ఫోన్ ఒక ఫైలు తయారుచేస్తుంది. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి మన కంటికి కనిపించే బొమ్మ. రెండోది ఎగ్జిఫ్ అనే సమాచారం: ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ కెమెరాతో తీశారు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ ఊళ్లో తీశారు. 1995లో జపాన్‌లో మొదలైన ఈ పద్ధతినే ఇప్పటికీ ఫోన్లన్నీ వాడుతున్నాయి. గ్యాలరీ ఫోటోలను సంవత్సరాల వారీగా పేర్చి చూపించేది ముఖ్యంగా దీని ఆధారంగానే.

వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే రెండు భాగాలూ దెబ్బతింటాయి. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 అడ్డం, 3000 నిలువు చుక్కలు. వాట్సాప్ దాన్ని సాధారణంగా పొడవు వైపు 1600 చుక్కల దగ్గరికి కుదిస్తుంది. మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలనుకుంటే, అసలు ఫోటోని 13 అంగుళాల పొడవు దాకా ప్రింటు తీయొచ్చు. కుదించినది 5 అంగుళాలు దాటితే తేలిపోవడం మొదలవుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ కొంత నయమే గానీ, అది కూడా అసలు ఫైలు కాదు.

ఇక ఎగ్జిఫ్ సమాచారం పూర్తిగా తుడుచుకుపోతుంది. ఫైలు పేరు ఐఎంజీ-20250114-డబ్ల్యూఏ0007 అని ఉంటే, అందులో తేదీ ఉంది కదా అనుకుంటాం. అది ఫోటో వాట్సాప్‌లో నడిచిన రోజు, తీసిన రోజు కాదు. కాబట్టి అక్క పెళ్లి, తమ్ముడి అన్నప్రాసన, తాతయ్య షష్టిపూర్తి అన్నీ గ్యాలరీలో ఒకే సంక్రాంతి రోజు జరిగినట్టు కనిపిస్తాయి.

ఇందులో వాట్సాప్‌ని తిట్టాల్సిన పనిలేదు. కబురు తొందరగా, తక్కువ డేటాతో చేరవేయడం దాని పని. ముక్కూమొహం తెలియని వాళ్లకి ఫోటో పంపినప్పుడు మన ఇంటి లొకేషన్ అందులో లేకపోవడం మనకే మంచిది. కాకపోతే ఇల్లు మారేటప్పుడు సామాను లారీలో వేస్తాం గానీ కొరియర్‌లో పంపం కదా. ఒకటీ అరా ఫోటో వాట్సాప్‌లోనే పంపాల్సి వస్తే గ్యాలరీ బటన్ వదిలేసి, డాక్యుమెంట్ ఆప్షన్ ద్వారా పంపండి. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

మరి ఎలా మార్చాలి?

కొత్త ఫోన్ ఇంకా ఆన్ చేయకపోతే మీ అదృష్టం. మొదటిసారి ఆన్ చేసినప్పుడే, పాత ఫోన్ నుంచి డేటా కాపీ చేయాలా అని అడుగుతుంది. తొందరపడి స్కిప్ నొక్కకుండా రెండు ఫోన్లనీ కేబుల్‌తో కలిపి సరే అనండి. ఫోటోలతో పాటు కాంటాక్టులూ, మెసేజ్‌లూ వచ్చేస్తాయి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్లేవాళ్ల కోసం యాపిల్ వాళ్ల మూవ్ టు ఐఓఎస్ యాప్ ఉంది.

ఫోన్ అప్పటికే వాడకంలో ఉంటే క్విక్ షేర్ వాడొచ్చు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో షేర్ఇట్, జెండర్ కూడా ఉన్నాయి. అంతకుముందు హాస్టల్లో సినిమాలన్నీ వాటి మీదే తిరిగేవి. అదే పని ఇప్పుడు ఆండ్రాయిడ్‌లోనే ఉన్న క్విక్ షేర్ చేస్తుంది. ఐఫోన్ల మధ్యయితే ఎయిర్‌డ్రాప్. రెండిటి కిటుకూ ఒక్కటే: పక్కనున్న ఫోన్‌ని బ్లూటూత్‌తో వెతికి, ఫైలుని మాత్రం వైఫై మీద నేరుగా పంపుతాయి. అందుకే మన నెట్ ప్యాక్ ఖర్చవదు.

ఉత్త బ్లూటూత్ చాలదా అంటారా? చిన్న లెక్క చూద్దాం. 4 ఎంబీ ఫోటోలు 2000 ఉంటే 8 జీబీ. బ్లూటూత్‌లో సెకనుకి పావు ఎంబీ వెళ్తుందనుకుంటే దాదాపు 9 గంటలు. ఫోన్ల మధ్య వైఫై మీద సెకనుకి 20 ఎంబీ వెళ్తుందనుకుంటే 7 నిమిషాలు. అమ్మ టీ పెట్టి తెచ్చేలోపు అయిపోతుంది.

ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మేలు. కేబుల్ పెట్టి, ముందు ల్యాప్‌టాప్‌లోకి, అక్కణ్నుంచి కొత్త ఫోన్‌లోకి కాపీ చేయండి. పనిలోపనిగా ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ మిగులుతుంది. అయితే చాలామంది డీసీఐఎం అనే ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి ఊరుకుంటారు. అందులో ఉండేవి ముఖ్యంగా కెమెరాతో తీసినవే. చుట్టాలు పంపినవి వాట్సాప్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపల మీడియాలో దాక్కుని ఉంటుంది. పాత ఫోన్‌లో మెమరీ కార్డు ఉందేమో అదీ చూడండి.

గూగుల్ ఫోటోస్ కూడా మంచి దారే, కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 2021 జూన్ 1 నుంచి అందులో ఉచితంగా ఎన్నయినా దాచుకునే వీలు పోయింది. జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీ వరకే ఉచితం. రెండోది మరీ ముఖ్యం. బ్యాకప్ అయిన ఫోటోని పాత ఫోన్‌లోని ఆ యాప్‌లో డిలీట్ చేస్తే, అదే అకౌంటు ఉన్న కొత్త ఫోన్‌లోంచి కూడా పోతుంది. ట్రాష్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత దొరకదు. పాత ఫోన్ ఖాళీ చేద్దామని ఒక్కొక్కటే డిలీట్ చేస్తూ కూర్చోకండి.

రీసెట్ నొక్కే ముందు

ఎక్స్ఛేంజి వాళ్లు గుమ్మంలో నిలబడి "రీసెట్ చేసి ఇచ్చేయండి సార్" అంటున్నప్పుడు చెక్ చేసే టైముండదు. ఆ పని ముందే పూర్తిచేయాలి. రెండు ఫోన్లలోనూ ఫోల్డర్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయో లేదో చూడండి. సంఖ్య సరిపోయి సైజు బాగా తగ్గిందంటే ఎక్కడో కుదింపు జరిగినట్టే. బాగా పాత ఫోటో ఒకటి, ఒక వీడియో తెరిచి, డీటెయిల్స్‌లో తేదీ సరిగ్గా ఉందో చూడండి. ఒక వారం ఆగి, అప్పుడు రీసెట్ చేయండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తర్వాత గానీ మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో డేటా అంతా తాళం వేసి ఉంటుంది. రీసెట్ చేస్తే ఆ తాళంచెవే నాశనమవుతుంది. ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ ఆ ఫోటోలను తిరిగి ఇవ్వలేదు.

ఇప్పటికే తేదీలు పోయిన ఫోటోలుంటే వాటిని గూగుల్ ఫోటోస్‌లో తెరిచి, తేదీ మార్చుకోవచ్చు. అయితే సరైన తేదీ ఫోన్‌కి తెలీదు, మనకీ తెలీదు. "ఇది మీ అత్త పెళ్లి కాదు, నిశ్చితార్థం. అప్పుడు నువ్వు ఏడో తరగతి" అని చెప్పగలిగేది అమ్మా, అమ్మమ్మే. ఈసారి సెలవుల్లో ఒక సాయంత్రం వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెబుతుంటే తేదీలు ఎక్కించండి.