ముగ్గు పోయకముందే అడగండి

తలుపు ఉత్తరానికి కాకుండా తూర్పుకు పెట్టుకోవచ్చా? నడవలేని అత్తమ్మ కోసం బాత్రూం తలుపు కాస్త వెడల్పు చేయొచ్చా? పత్తి ఇంటికొచ్చే రోజులకు పక్కన చిన్న అర్ర వేసుకుంటే బిల్లు ఆగుతుందా?

జయశంకర్ భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి అయినా, మరో మండలమైనా, సర్కారు ఇల్లు మంజూరైన కుటుంబాల్లో తలెత్తే సందేహాలివి. 'నా జాగలో నా ఇల్లు, ఒకర్ని అడిగేదేంది?' అనిపించడం సహజమే. కానీ ఆ ఇంటికి 5 లక్షల రూపాయలు ఇచ్చేది ప్రభుత్వం. అడగకుండా లేపిన ఒక్క గోడ ఆ సొమ్ముకే ఎసరు పెట్టొచ్చు.

అప్పుడు తాళం... ఇప్పుడు పలుగు, పార

2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకంలో ఇల్లు 560 చదరపు అడుగులు. సర్కారే కట్టించి తాళం చేతికిచ్చేది. వంటగది ఎటుండాలో చెప్పే వీలు ఇంటివారికి తక్కువే.

2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం తీరు వేరు. సొంత జాగా ఉన్నవారు ఇల్లు తామే కట్టుకోవాలి. బేస్‌మెంట్, గోడలు, స్లాబు, ఆపై ఇల్లు పూర్తయ్యాక... ఇలా నాలుగు విడతల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. ఫలానా ప్లానే ఉండాలన్న నిర్బంధం లేదు. అయితే ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి ఉండి తీరాలి.

కొలత పెంచేవి, పెంచనివి

600 చదరపు అడుగులంటే 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. 560 అడుగుల ప్లానుకు ఐదడుగుల వెడల్పు, పదడుగుల పొడవుతో సామాన్ల అర్ర కలిపితే 610 అవుతుంది. 'పది అడుగులకేమవుతుంది?' అని మేస్త్రీ భరోసా ఇవ్వొచ్చు. బిల్లు రాసేది మాత్రం మేస్త్రీ కాదు!

తలుపు దిక్కు మార్చడం, కిటికీ పెద్దది చేయడం, గడప దగ్గర మెట్లకు బదులు వాలుగా కట్టడం, బాత్రూం తలుపును మూడడుగులు చేసి లోపల పట్టుకునే కడ్డీ బిగించడం... వీటితో గదుల కొలత పెరగదు. వృద్ధులున్న ఇంటికి ఇవే పెద్ద సాయం. పిల్లర్లు, బీములు జరపాల్సి వస్తే మాత్రం ఇంజినీరును అడగాల్సిందే.

ఎప్పుడు, ఎలా?

ముగ్గు పోయడానికి ముందే. కావాల్సిన మార్పును కాగితంపై కొలతలతో గీసి పంచాయతీ కార్యదర్శికి, హౌసింగ్ ఏఈకి చూపించాలి. వీలైతే అర్జీ రాసిచ్చి, తేదీ వేయించిన నకలు దాచుకోవాలి. ప్రతి దశలో ఫొటోలు యాప్‌లోకి ఎక్కుతాయి. బేస్‌మెంట్ పడ్డాక తప్పు తేలితే సరిదిద్దే ఖర్చు ఇంటివారి నెత్తినే.

అడిగితే పనవుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. పట్టణాల్లో స్థలం చాలని పేదల కోసం పైఅంతస్తు వేసుకునేలా ప్రభుత్వం 2025లో వెసులుబాటు ఇచ్చింది. నిబంధనే సడలినప్పుడు తలుపు దిక్కు ఏపాటి?

అందుకే ఏఈ దగ్గరకు వెళ్లేముందు ఇంటిల్లిపాదీ జాగలో ఓసారి తాడు పట్టి చూసుకోండి. అత్తమ్మ మంచం ఎక్కడ పడుతుందో, పత్తి ఎక్కడ పోస్తారో అప్పుడే తేల్చుకోండి. తాడును జరపడానికి ఖర్చేమీ లేదు.